రోజూ తిరిగే కారుకి సెకండ్ హ్యాండ్ టర్బో కిట్: తరచుగా అడిగే ప్రశ్నలు

నాది 1996 మియాటా (మాజ్డా కంపెనీ రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు), 1.8 లీటర్ ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్. ఉండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, ఆఫీసు ప్లేనోలో. ఎవరి దగ్గరో కొన్న పాత టర్బో కిట్ బిగించి మూడేళ్ళయింది, ఇప్పటికీ దాన్లోనే ఆఫీసుకి పోతున్నాను. టర్బో అంటే ఇంజన్ నుంచి బయటికి పోయే పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని తోసే పంకా. ఆదివారం క్రికెట్ గ్రౌండ్ దగ్గర బానెట్ ఎత్తితే చాలు, అవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను. అంకెలన్నీ మియాటావి. మీది సివిక్ అయినా ఇంకొకటైనా అంకెలు మారతాయి గానీ తిప్పలు మాత్రం ఇవే.

టర్బో పెడితే పవర్ ఎంత పెరుగుతుంది?

కంపెనీ నుంచి వచ్చినప్పుడు నా ఇంజన్ 133 హార్స్‌పవర్. చక్రాల దగ్గర కొలిస్తే అది 105, 110కి మించదు. 8 పీఎస్ఐ బూస్ట్‌తో (టర్బో అదనంగా తోసే గాలి ఒత్తిడి; పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి పౌండ్లు) సరిగ్గా ట్యూన్ చేస్తే, అంటే పెట్రోల్, స్పార్క్ లెక్కలు సరిచేస్తే, చక్రాల దగ్గర 170 నుంచి 180 దాకా వస్తుంది. లెక్క సులువే: మామూలుగా ఇంజన్‌లోకి గాలిని తోసేది వాతావరణం ఒత్తిడి, అంటే దాదాపు 14.7 పీఎస్ఐ. దానికి ఇంకో 7, 8 కలిపితే కాగితం మీద ఒకటిన్నర రెట్లు గాలి. కారు బరువు టన్ను పైచిలుకే కాబట్టి ఆ తేడా నడుముకి బాగా తెలుస్తుంది. 300 హార్స్‌పవర్ కావాలనేవాళ్ళు ఈ పేజీ చదవడం ఆపేయొచ్చు, దానికి పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, గేర్‌బాక్సు అన్నీ మార్చాలి, అది రోజూ ఆఫీసుకి పోయే కారు కథ కాదు.

ఇంట్లో ఉన్నది ఈ ఒక్క కారే. చేయొచ్చా?

వద్దు. శని, ఆదివారాల్లో అయిపోతుందని మొదలుపెట్టాను, నాకు పదహారు రోజులు పట్టింది. అందులో పదకొండు రోజులు పార్సిల్ కోసం ఎదురుచూడటమే. ఆ రెండు వారాలు మా ఆవిడ కారులో ఆఫీసుకి వెళ్ళాను, ఆమెకి నేను రోజూ ఏం సంజాయిషీ చెప్పానో ఇక్కడ రాయను. ఇంకో కారో, పక్క క్యూబికల్‌లో లిఫ్ట్ ఇచ్చే మనిషో ఉంటేనే పానా పట్టుకోండి.

కొత్త కిట్ కొనకుండా సెకండ్ హ్యాండ్ ఎందుకు?

డబ్బు. మంచి పేరున్న కొత్త కిట్ ధరలో సగానికంటే తక్కువకే వాడిన కిట్లు దొరుకుతాయి. ఎందుకంటే అమ్మేవాళ్ళు ఎక్కువమంది మూడు రకాలు: ఇంజన్ పేలిపోయినవాడు, పిల్లలు పుట్టి కారు అమ్మేస్తున్నవాడు, సగం బిగించి చేతులెత్తేసినవాడు. రెండోవాడి కిట్ కళ్ళు మూసుకుని కొనొచ్చు. మొదటివాడి ఇంజన్ ఎందుకు పోయిందో అడగండి, "ఏమో, అదే పోయింది" అంటే లేచి వచ్చేయండి. మూడోవాడితోనే అసలు చిక్కు, వాడి డబ్బాలో ఏం లేదో వాడికే తెలియదు.

కిట్ చూడటానికి వెళ్ళినప్పుడు ఏమేం చూడాలి?

వెళ్ళేటప్పుడు టార్చిలైటు, తెల్ల టిష్యూ పేపర్లు, ఒక చిన్న అద్దం పట్టుకెళ్ళండి. నేను ఫోర్ట్‌వర్త్‌లో ఒక హార్డ్‌వేర్ దుకాణం పార్కింగ్‌లో చూశాను. రెండు ప్లాస్టిక్ డబ్బాలు, ఒక పచ్చళ్ళ సీసా నిండా బోల్టులు.

ముందు టర్బో. గాలి పీల్చే వైపు మూతి దగ్గర నట్టు ఉంటుంది, దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. ఆ దిశలో కదలిక చేతికి తెలిసిందంటే బేరింగ్ అరిగిపోయినట్టే. పక్కలకి ఊపితే కొంచెం కదులుతుంది, ఆయిల్ లేకుండా ఆరిపోయి ఉన్నప్పుడు జర్నల్ బేరింగ్ (ఇరుసు ఆయిల్ పొర మీద తేలే రకం) టర్బోలో అది మామూలే, భయపడక్కర్లేదు. కానీ అలా ఊపుతూ తిప్పినప్పుడు రెక్కలు గోడకి రాసుకోకూడదు. రాసుకుంటే లోపల గోడ మీద వెండి గీతలాగా మెరుస్తూ కనిపిస్తుంది. రెక్కల అంచులు టార్చి వేసి చూడండి, చిన్న నొక్కు ఉన్నా ఆ టర్బో ఏదో మింగిందని అర్థం. ఇది నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువు, అంచున నొక్కుంటే బ్యాలెన్స్ ఉండదు.

తర్వాత సైలెన్సర్ వైపు. పొడి మసి ఉంటే మంచిది. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ కారిందన్నమాట. వేస్ట్‌గేట్ (ఎక్కువైన పొగని పక్కకి వదిలి బూస్ట్‌ని అదుపులో ఉంచేది) తలుపుని చేత్తో తెరిచి మూయండి, తుప్పు పట్టి బిగుసుకుపోతే బూస్ట్ మీ మాట వినదు. వేస్ట్‌గేట్ రంధ్రం చుట్టూ వెంట్రుకలంత చిన్న పగుళ్ళు పాత టర్బోల్లో చాలావాటికి ఉంటాయి, వాటితో ఏళ్ళ తరబడి నడుస్తాయి. పగులు బయటి గోడ దాకా వస్తే మాత్రం తీసుకోకండి. మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగని టర్బోకి చేర్చే గొట్టాల ముక్క) పోత ఇనుముదైతే నాకిష్టం, చూడటానికి అందంగా ఉండదు గానీ అంత తేలిగ్గా పగలదు. పైపులు వంచి వెల్డింగ్ చేసినవైతే ప్రతి అతుకూ అద్దం పెట్టి చూడండి.

ఇంటర్‌కూలర్ (టర్బో తోసే వేడి గాలిని చల్లబరిచేది) మాత్రం మర్చిపోవద్దు. దాన్ని నిలువుగా ఎత్తి మూతి కింద తెల్ల టిష్యూ పెట్టి నిమిషం ఆగండి. నాకు చెంచాడు నల్ల ఆయిల్ వచ్చింది, అందులో ఎండకి తళతళా మెరిసే నలకలు. అంటే అంతకుముందు అదే కిట్‌లో ఒక టర్బో పగిలిపోయి, దాని ముక్కలు ఇందులో కూర్చున్నాయి. అమ్మేవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. 200 డాలర్లు తగ్గించి తీసుకున్నాను, ఇంటికెళ్ళి కిరోసిన్ పోసి నాలుగుసార్లు కడిగితే గానీ టిష్యూ తెల్లగా రాలేదు.

ఆన్‌లైన్‌లో 300 డాలర్లకి కొత్త కిట్ అంతా వస్తోంది కదా?

పైపులు, క్లాంపులు పనికొస్తాయి. టర్బో బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకోవచ్చు.

కిట్ "కంప్లీట్" అన్నాడు. నిజంగా అన్నీ ఉంటాయా?

ఉండవు. పెద్ద వస్తువులు ఉంటాయి, ఐదు డాలర్ల వస్తువులు ఉండవు, కారు ఆగిపోయేది ఆ ఐదు డాలర్ల వాటికోసమే. ఆయిల్ పైపు చివర బాంజో బోల్టు (మధ్యలో ఆయిల్ పోయే రంధ్రం ఉన్నది), దాని రాగి వాషర్లు, గాస్కెట్లు, టర్బోని మ్యానిఫోల్డ్‌కి పట్టే స్టడ్లు, నీళ్ళ పైపుల అడాప్టర్లు. స్టడ్లు కొత్తవే కొనండి. ఆ వేడికి మామూలు ఇనుప స్టడ్లు సాగి నట్లు వదులైపోతాయి, అది మియాటా టర్బోలకి పాత జబ్బు, అందుకే ఇంకొనెల్ (వేడిని తట్టుకునే నికెల్ మిశ్రమం) స్టడ్లు వాడతారు, ఖరీదు ఎక్కువే, అయినా ఒక్కసారి ఖర్చు. బాల్ బేరింగ్ టర్బో అయితే ఆయిల్ వచ్చే దారిలో రిస్ట్రిక్టర్ అని సూది బెజ్జమంత రంధ్రం ఉన్న చిన్న ముక్క ఉండాలి, అది ఉందో లేదో ప్రత్యేకంగా చూడండి.

నా ఇంజన్ లక్షన్నర మైళ్ళు తిరిగింది. తట్టుకుంటుందా?

మైళ్ళు చూసి చెప్పలేం. కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తుందో కొలిచేది) చేయండి, నాలుగు సిలిండర్లలో ఎక్కువదానికీ తక్కువదానికీ తేడా 10 శాతం లోపు ఉండాలి. వీలైతే లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లోంచి గాలి ఎంత కారుతుందో చూసేది) కూడా. నాది లక్షా 38 వేల మైళ్ళప్పుడు చేశాను, నాలుగూ దగ్గరదగ్గరగా వచ్చాయి. ఒకటి బాగా తక్కువ వచ్చిందా, కిట్ డబ్బాలోనే ఉంచి ముందు ఇంజన్ సంగతి చూడండి. ఈ 1.8 ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందనే లెక్క) 9కి 1, టర్బోకి అది కలిసొచ్చే అంకె. మీ కారుది 11, 12 అయితే అంత తేలిగ్గా మొదలుపెట్టకండి.

ఇంజన్లు అసలు ఎందుకు పేలతాయి?

బూస్ట్ వల్ల అనుకుంటారు. నేను చూసినంతలో పెట్రోల్ చాలకపోవడం వల్ల, స్పార్క్ తొందరపడి ముందే రావడం వల్ల. గాలి ఒకటిన్నర రెట్లు పోస్తున్నప్పుడు పెట్రోల్ కూడా ఆ లెక్కన పోయాలి. చాలకపోతే లోపల మంట మితిమీరి వేడెక్కి, మిగిలిన మిశ్రమం దానంతటదే అంటుకుని పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు కొడుతుంది. డిటొనేషన్ అంటే అదే. ఒక్క హైవే ర్యాంపు చాలు, రింగుల మధ్య గట్టు విరిగిపోవడానికి.

లెక్క వేసుకోండి. 200 హార్స్‌పవర్‌కి గుర్రానికి గంటకి 0.6 పౌండ్ల పెట్రోల్ చొప్పున 120 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లకి (ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) పంచితే తలా 30. ఇంజెక్టర్‌ని ఎప్పుడూ 85 శాతానికి మించి పిండకూడదు కాబట్టి 30ని 0.85తో భాగిస్తే 35 పౌండ్లు, అంటే నిమిషానికి సుమారు 370 సీసీ. కారుతో వచ్చినవి అందుకు చాలా దూరంలో ఉంటాయి. నేను 450వి వేశాను, పెట్రోల్ పంపు కూడా మార్చాను. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లవి, బీకేఆర్7ఈ, గ్యాప్ 0.7 మిల్లీమీటర్లకి తగ్గించి. గ్యాప్ తగ్గించకపోతే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోయి కారు తుమ్ముతుంది.

కిట్‌తో పాటు పెట్రోల్ ప్రెషర్ పెంచే డబ్బా ఇచ్చాడు, కంప్యూటర్ మార్చక్కర్లేదన్నాడు?

అది 90ల నాటి పద్ధతి. బూస్ట్ పెరిగేకొద్దీ పెట్రోల్ పైపులో ఒత్తిడి పెంచి, చిన్న ఇంజెక్టర్లతోనే నెట్టుకొచ్చేవారు. 5 పీఎస్ఐ దాకా, చల్లటి ఊళ్ళో, దేవుడి దయవల్ల నడుస్తుంది. టెక్సస్ ఆగస్టులో నేను దాన్ని నమ్మను. దాన్ని అమ్మేసి ఆ డబ్బుకి ఇంకొంత వేసి స్టాండలోన్ కంప్యూటర్ (కంపెనీదాని బదులు పెట్టుకునేది, పెట్రోల్, స్పార్క్ లెక్కలు మనమే మార్చుకోవచ్చు) కొనుక్కోండి. నాది వాడిన మెగాస్క్విర్ట్, అసలు కంప్యూటర్ ప్లగ్గులోనే దూరిపోయే రకం.

అమ్మినవాడి ట్యూన్ ఫైలే వాడేస్తే?

ఇంజన్ స్టార్ట్ చేసి ట్రక్కు మీదకి ఎక్కించడానికైతే సరే. వాడి ఇంజెక్టర్లు వేరు, వాడి పెట్రోల్ వేరు, వాడి ఊరి ఎండ వేరు. ముందు వైడ్‌బ్యాండ్ మీటర్ (పెట్రోల్‌కి ఎన్ని రెట్లు గాలి పోతోందో చూపించేది) పెట్టించుకోండి, అది లేకుండా బూస్ట్‌లోకి వెళ్ళడమంటే కళ్ళకి గంతలు కట్టుకుని టోల్‌వే ఎక్కడమే. మామూలుగా పోతున్నప్పుడు మీటర్ 14.7 చుట్టూ ఆడుతుంది, బూస్ట్‌లో పాదం అదిమినప్పుడు 11.5, 12 మధ్య కనిపించాలి. 13 దాటి పైకి పోతుంటే వెంటనే కాలు తీసేయండి. నేను మామూలు డ్రైవింగ్ భాగం సొంతంగా సరిచేసుకున్నాను, బూస్ట్ భాగం మాత్రం డైనో (చక్రాల దగ్గర పవర్ కొలిచే యంత్రం) మీద తెలిసినవాడితో 500 డాలర్లిచ్చి చేయించాను. ఈ మొత్తం పనిలో ఎక్కడైనా పిసినారితనం చూపించొచ్చు, ఇక్కడ తప్ప.

ఏ పెట్రోల్ కొట్టించాలి?

ఇక్కడ 93 ఆక్టేన్ (పెట్రోల్ డిటొనేషన్‌ని ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె). కాలిఫోర్నియాలో మామూలు బంకుల్లో దొరికే పెద్దది 91, అక్కడివాళ్ళు ట్యూన్ కొంచెం తగ్గించుకుంటారు. ఇంటి దగ్గర కూడా అలాంటి అంకెలే చూసి పోల్చుకోవద్దు, ఇండియాలో బంకు మీద రాసే ఆక్టేన్ లెక్క వేరు, అమెరికాది వేరు. ఇక్కడి 93 ఆ లెక్కలో 98కి దగ్గరగా వస్తుంది.

ఆగిన ప్రతి సిగ్నల్ దగ్గరా నీలం పొగ. టర్బో పోయినట్టేనా?

తొందరపడకండి. ఈ ప్రశ్నకి నేను 350 డాలర్లు ఫీజు కట్టి జవాబు నేర్చుకున్నాను.

బిగించిన రెండో వారం బెల్ట్ లైన్ రోడ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే అద్దంలో వెనక కారు కనిపించడం మానేసింది. నీలం పొగ, అగరబత్తి గోడౌన్ తగలబడినట్టు. టర్బో సీళ్ళు పోయాయని తేల్చేసుకుని, మధ్యభాగం కొత్తది తెప్పించి, రెండు రాత్రులు కూర్చుని మార్చాను. మళ్ళీ అదే సిగ్నల్, అదే పొగ. అప్పుడు కారు కింద పడుకుని టార్చి వేస్తే కనిపించింది, టర్బో నుంచి ఆయిల్ కిందికి వచ్చే రబ్బరు గొట్టం బట్టలు ఆరేసే తీగలా మధ్యలో వేలాడి, మళ్ళీ పైకి లేచి ఆయిల్ పాన్‌లోకి దూరింది.

టర్బోలోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వస్తుంది గానీ, బయటికి పోయేటప్పుడు తోసేవాడు ఎవడూ ఉండడు, దాని బరువుకి అది జారాల్సిందే. పైగా లోపల చిలికినట్టయి నురగలా వస్తుంది. దారిలో ఒక్క గుంట ఉన్నా అక్కడే నిలిచిపోయి పైకి ఎగదన్నుతుంది, టర్బో సీళ్ళు ఆయిల్‌కి ఆనకట్టలు కావు, ఆ మట్టానికి వస్తే వదిలేస్తాయి. గొట్టం రెండంగుళాలు కోసి, పాన్ దగ్గర ఫిట్టింగ్ కోణం మార్చాను. 14 డాలర్లు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా పొగ లేదు. గొట్టం లావుగా, పొట్టిగా, ఎక్కడా పైకి లేవకుండా, పాన్‌లో ఆయిల్ మట్టం కంటే పైన కలవాలి. అన్నట్టు, ఈ గొట్టం కోసం పాన్ విప్పకుండానే రంధ్రం చేసేవాళ్ళు డ్రిల్ బిట్‌కి గ్రీజు దట్టంగా పూసి రెండు మలుపులకోసారి తుడవండి, తర్వాత చవక ఆయిల్ ఒక డబ్బా పోసి అలాగే కార్చేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు?

ఇంజెక్టర్ల ప్లగ్గులు పీకేసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. ఆ తర్వాతే పెట్రోల్. ఎండిన బేరింగ్‌తో టర్బో తిరిగితే ఆ కొన్ని క్షణాలే చాలు. మొదటి వారం రెండు మూడుసార్లు, కారు పూర్తిగా చల్లారాక నట్లు మళ్ళీ బిగించండి.

ఎండాకాలం, ఏసీ, ట్రాఫిక్ జామ్?

రోజూ తిరిగే కారుకి ఇదే పెద్ద పరీక్ష. ఏసీ కండెన్సర్ ముందు ఇంటర్‌కూలర్, వాటి వెనక రేడియేటర్, పాపం దానికి మిగిలేది ఎంగిలి గాలి. మియాటా రేడియేటర్ పైన ప్లాస్టిక్ ట్యాంకు కొత్తలో నల్లగా ఉంటుంది, గోధుమ రంగుకి తిరిగిందంటే పగలడానికి తేదీ చూసుకుంటోందని అర్థం, దాన్ని ముందే మార్చేయండి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: ఈ ఇంజన్ ముందు చక్రాలు లాగే మాజ్డా కార్ల కుటుంబంది. మియాటాలో పొడవునా (ముందు నుంచి వెనక్కి) పెట్టినప్పుడు థర్మోస్టాట్ ముందుకి తెచ్చారు, దాంతో వెనకున్న నాలుగో సిలిండర్‌కి నీళ్ళు సరిగా అందవు. అందుకే టర్బో వాళ్ళు నీళ్ళ దారిని హెడ్ వెనక నుంచి బయటికి తిప్పుతారు. నేను రెండో వేసవిలో చేశాను, మొదటి వేసవిలోనే చేయాల్సింది. బయట 105 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడినా ఇప్పుడు ముల్లు కదలదు.

ఆయిల్ 3,000 మైళ్ళకోసారి, సింథటిక్ మాత్రమే. హైవే మీద దంచి వచ్చి వెంటనే తాళం తిప్పేయకండి, ఇంటి వీధిలో నెమ్మదిగా రండి, ఒక నిమిషం ఆగి ఆపండి.

క్లచ్?

జారుతుంది. ముందే మార్చేసుకోండి. 1.6 లీటర్ మియాటా అయితే వెనక డిఫరెన్షియల్ కూడా చిన్నది, టర్బోకి విరుగుతుంది, 1994 నుంచి వచ్చిన కార్లలోది పెద్దది, దాన్ని తెచ్చి వేసుకుంటారు.

ఎమిషన్ టెస్టు, ఇన్సూరెన్స్ సంగతి?

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, కానీ డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్టు ఉంది. అది 24 ఏళ్ళ లోపు కార్లకి, నాది ఆ వయసు దాటింది. టెస్టు లేదు కదా అని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించేది) పీకేయొద్దు, ఫెడరల్ చట్టం ప్రకారం అది తప్పే, పైగా వెనక సీటే లేని ఈ చిన్న కారులో ఆ కంపు భరించలేం. కాలిఫోర్నియాలో సంగతి పూర్తిగా వేరు, 1976 నుంచి వచ్చిన పెట్రోల్ కార్లకి, బాగా కొత్తవి తప్ప, స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) ఉంటుంది, కిట్‌కి అక్కడి ఎయిర్ బోర్డు (గాలి కాలుష్యం చూసే ప్రభుత్వ సంస్థ) ఇచ్చిన ఈవో నంబర్, అంటే అనుమతి నంబర్, ఉండాలి. వాడిన కిట్ కొంటుంటే ఆ నంబరున్న చిన్న స్టిక్కర్ ఉందో లేదో ముందు చూడండి.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి చెప్పాను. నెలకి కొంచెం పెరిగింది. చెప్పకుండా ఉండి, యాక్సిడెంట్ రోజున అడ్జస్టర్ బానెట్ ఎత్తే సీను ఊహించుకోండి.

మా తమ్ముడు హైదరాబాద్‌లో స్విఫ్ట్‌కి పెట్టిస్తానంటున్నాడు?

రోడ్డు మీద తిరిగే కారుకైతే వద్దనండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆర్సీలో లేని మార్పు దొరికితే ఫైను ఒక ఎత్తు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ తిరస్కరిస్తే అది ఇంకో ఎత్తు. కోయంబత్తూరు, బెంగళూరుల్లో టర్బో పని చేసే మంచి చేతులున్నాయి, ట్రాక్ మీద తిప్పే కారైతే వాళ్ళ దగ్గరికి పొమ్మనండి. రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి పోవడానికి కంపెనీయే టర్బో పెట్టి అమ్ముతున్న పెట్రోల్ కార్లు ఉన్నాయి కదా.

మైలేజీ పడిపోతుందా?

కారు వల్ల కాదు, మీ కాలు వల్ల. నాకు గ్యాలన్‌కి 27 మైళ్ళు వచ్చేది, ఇప్పుడు 24.

మొత్తం ఎంత ఖర్చయింది?

కిట్ 1,400. కంప్యూటర్ 600, వైడ్‌బ్యాండ్ 200, ఇంజెక్టర్లు 250, పంపు 110, క్లచ్ 350, రేడియేటర్ 220, గాస్కెట్లు స్టడ్లు గొట్టాలు ఆయిళ్ళు అన్నీ కలిపి 450, డైనో 500. పైన చెప్పిన నా తెలివితేటల ఖాతాలో 350. మొత్తం 4,430 డాలర్లు, పని నేనే చేసుకున్నా కూడా. కిట్ ధరకి మూడు రెట్లు చేతిలో పెట్టుకుని దిగండి.

ఆ డబ్బుకి టర్బోతో వచ్చిన కారే కొనుక్కోవచ్చు కదా?

కొనుక్కోవచ్చు, చాలామందికి అదే సరైన పని. మాజ్డానే 2004, 2005లో 178 హార్స్‌పవర్‌తో టర్బో మియాటా చేసింది. వారెంటీ బుక్కు లెక్కన ఆలోచించేవాళ్ళు అటే వెళ్ళండి. నాకు శనివారం పొద్దున కాఫీ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళడం ఇష్టం, అందుకే ఇది.

రేపు విప్పేసి అమ్మాలంటే?

విప్పిన పాత మ్యానిఫోల్డ్, ఇంజెక్టర్లు, కంప్యూటర్ ఒక్కటి కూడా పారేయకండి, నావి గ్యారేజీ పైఅరలో పేర్లు రాసిన డబ్బాల్లో ఉన్నాయి. కిట్ అమ్మేటప్పుడు ప్రతి బోల్టూ దాని చోటు పేరుతో చిన్న కవర్లో వేయండి, బిగించి ఉన్నప్పటి ఫొటోలు ఇవ్వండి, ఆయిల్ గొట్టం ఎంత పొడవుకి కోశారో కూడా కాగితం మీద రాసి అందులోనే పెట్టండి.